తొమ్మిదో తరగతి పిల్లలకు డబ్బు పాఠం ఎక్కడ మొదలుపెట్టాలి? మొదటి క్లాసులోనే బోల్తా పడ్డాను

టీచరమ్మ_సోషల్

అందరికీ నమస్కారం. కొండపి వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. శనివారం నో బ్యాగ్ డే కదా, "మేడం, మీరు ఎకనామిక్స్ చదివారు, పిల్లలకు డబ్బు గురించి, వ్యాపారం గురించి నాలుగు ముక్కలు చెప్పండి, చివరి రెండు పీరియడ్లు ఇక మీవే" అన్నారు మా హెచ్‌ఎం గారు. సంబరంగా ఒప్పుకున్నాను.

బోర్డు మీద నెల జీతం 30,000 అని రాసి సగం అవసరాలకు, 30 శాతం సరదాలకు, 20 శాతం పొదుపుకు అని మూడు గళ్లు గీశాను. ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా ఇదే ఉంటుంది. వెనక బెంచీలోంచి ఒకడు లేచి "టీచర్, మాకు నెలనెలా రావు, పొగాకు అమ్మితేనే వస్తాయి, అవి కూడా బ్యాంకోళ్లు లోను పట్టుకున్నాక మిగిలితేనే" అన్నాడు. ఇంకో పిల్ల "సరదాలకు 9,000 అంటే ఏం కొంటారు టీచర్?" అనడిగింది, వెటకారంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని. క్లాసంతా నవ్వారు. నేనూ నవ్వేశాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మొత్తం 38 మంది. సగానికి పైగా పొగాకు రైతుల పిల్లలు, కౌలు రైతుల పిల్లలు, పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ దగ్గర కూలికి వెళ్లేవాళ్ల పిల్లలు. పదో తరగతిలో ద్రవ్యం, పరపతి పాఠం ఎలాగూ వస్తుంది, మార్కుల కోసం బట్టీ పట్టేస్తారు, దాని గురించి నాకు బెంగ లేదు. వీళ్లకు ఇప్పుడు పనికొచ్చేది ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

పలక_మార్కాపురం

ముందు ఆ మూడు గళ్లు చెరిపేయండి మేడం 😀

లెక్కల మాస్టారు

అమ్మా, నేను రిటైరై ఆరేళ్లయింది. ముప్పై ఏళ్లు ఇదే జిల్లాలో లెక్కలు చెప్పాను. వడ్డీతో మొదలుపెట్టండి, మరి దేంతోనూ కాదు.

ఎందుకంటే, ఒకసారి ఎనిమిదో తరగతిలో అడిగాను. "ఊళ్లో పెద్దాయన దగ్గర రెండు రూపాయల వడ్డీ, బ్యాంకులో పన్నెండు శాతం వడ్డీ, ఏది నయం?" ముప్పావు క్లాసు చెయ్యెత్తి "రెండు రూపాయలే నయం సార్" అంది. రెండు చిన్నది, పన్నెండు పెద్దది, అంతే లెక్క. అదే పిల్లలు బారువడ్డీ సూత్రం గడగడా అప్పజెప్తారు! ఊళ్లో మాట నెలకు నూటికి, బ్యాంకు మాట ఏడాదికి నూటికి అని వాళ్లకు ఎవరూ విడమర్చి చెప్పలేదు. పదివేలు తెస్తే రెండు రూపాయల వడ్డీకి నెలకు 200, ఏడాదికి 2,400. బ్యాంకులో 1,200. బోర్డు మీద పక్కపక్కన రాస్తే ఒక పిల్లవాడు లేచి "అయితే ఇది ఇరవై నాలుగా సార్?" అన్నాడు. ఆ మొహం నాకింకా గుర్తుంది.

తర్వాత నోటు తిరగరాయడం చెప్పండి. ప్రామిసరీ నోటుకు మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది, అంటే కోర్టుకెళ్లినా చెల్లదు. అందుకని మూడేళ్లు నిండేలోపు వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయించుకుంటారు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన పదివేలు మూడేళ్లకు 17,200. ఇప్పుడదే అసలు. ఇంకో మూడేళ్లకు 29,584. చక్రవడ్డీ అంటే పుస్తకంలో చక్రం బొమ్మ కాదు, ఇంట్లో పెట్టెలో ఉండే ఆ నోటే.

చెరువుగట్టు

మాస్టారు చెప్పింది నిజమే కానీ వడ్డీ ఒక్కటే చెప్తే పిల్లలు జడుసుకుంటారు. వ్యాపారం కూడా చెప్పండి మేడం. మాది ఇందుకూరుపేట వైపు, వెనామీ రొయ్యల చెరువులు. మా పిల్లోడు ఏడో తరగతి, లెక్కల్లో వెనకే, అయినా కౌంటు లెక్క నాకంటే ముందు చెప్తాడు. 30 కౌంటు అంటే కిలోకు 30 రొయ్యలు, 100 కౌంటు అంటే కిలోకు వంద. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ.

దీంట్లో అసలైన ప్రశ్న ఏందంటే, ఇవాళ 60 కౌంటులో ఉంది, పట్టేద్దామా, ఇంకో ఇరవై రోజులు ఆగి 40 చేద్దామా? ఆగితే మేత ఖర్చు, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల కరెంటు, ఈలోపు వైట్‌స్పాట్ రోగం తగిలితే మొత్తం పోయె. ఆగకపోతే వచ్చే ధర పోయె. ఇది పెద్ద కంపెనీల ఎండీలు ఏసీ గదుల్లో చేసే ఆలోచనే, మేం గట్టు మీద టార్చిలైటు పట్టుకుని చేస్తాం.

ఇంకోటి. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచిందని మా ఊళ్లో టీకొట్టు కాడ కూర్చున్న ముసలాయనకు కూడా తెలుసు. ఆ దేశం ఎక్కడుందో మ్యాపులో పెట్టమంటే పెట్టలేడు. ప్రపంచీకరణ పాఠానికి ఇంతకంటే ఏం కావాలి?

కావలి కామర్స్

బాగా చెప్పావు అన్నా. ఒక్క మాట కలపాలి. మేత అప్పుగా ఇచ్చినోడికే రొయ్యలు అమ్మాలి అని షరతు ఉంటుంది చూడు, ఆ ధర మార్కెట్ ధర కంటే ఎంత తక్కువో ఆ తేడా కూడా వడ్డీ కిందే లెక్క. కాగితం మీద వడ్డీ సున్నా ఉంటుంది. పిల్లలకు ఇది చెప్తే కళ్లు తెరుచుకుంటాయి, మన పెద్దోళ్లే ఈ లెక్క వెయ్యరు.

మేడం, నేను ఇంటర్ సీఈసీ పిల్లలకు కామర్స్ చెప్తా. నా సలహా, ఒక్కరోజు సంత పెట్టించండి. పోయినేడు మా దగ్గర ముగ్గురు పిల్లలు నిమ్మకాయ నీళ్లు అమ్మారు. 60 గ్లాసులు, పది రూపాయల లెక్కన. నిమ్మకాయలకు 160, కప్పులకు 60, ఐసుకు 40. "సార్, లాభం 340!" అని గంతులేశారు. చక్కెర ఏది రా అంటే "చక్కెర ఇంట్లోదే సార్". రెండు కిలోలు, 90 రూపాయలు. అమ్మ డబ్బాలోంచి తీస్తే ఖర్చు కాదంట! సరే 250 అనుకుందాం. తర్వాత చూస్తే 60లో 43 గ్లాసులే పదికి పోయాయి, సాయంత్రం ఐసు కరిగిపోతుంటే మిగిలిన 17 ఐదుకు తోసేశారు. అంటే వచ్చింది 515. ఖర్చు 350. మిగిలింది 165, ముగ్గురికి తలా 55, పొద్దున్నించి సాయంత్రం దాకా నిలబడినందుకు. వాళ్లలో ఒకడు "సార్, కూలికి పోతే ఇంతకంటే ఎక్కువొచ్చేది" అన్నాడు. నేను సెమిస్టరంతా చెప్పినా వాడికి అంత బాగా ఎక్కేది కాదు.

మన రైతులు ఇంటి మనుషుల కూలి ఖర్చులో రాసుకోరు కదా, అదే చక్కెర డబ్బా కథ.

నెల్లూరు నాన్న

అందరూ అప్పులు, కూలీలు, చెరువులే మాట్లాడుతున్నారు. మా వాడు నెల్లూరులో ప్రైవేటు స్కూల్లో ఎనిమిది చదువుతున్నాడు, వాళ్లకు సిప్, మ్యూచువల్ ఫండ్, షేర్ మార్కెట్ నేర్పిస్తున్నారు. నెలకు వెయ్యి ముప్పై ఏళ్లు వేస్తే ఎంతవుతుందో చార్ట్ గీసి తెచ్చాడు. గవర్నమెంట్ పిల్లలు మాత్రం ఎందుకు వెనకబడాలి? వాళ్లకీ అదే చెప్పండి.

లెక్కల మాస్టారు

చెప్పొద్దనలేదు బాబూ. 24 శాతానికి అప్పున్న ఇంట్లో పిల్లవాడికి 12 శాతం వస్తుందో రాదో తెలియని పథకం ముందు చెప్తే, కుండకు చిల్లు పూడ్చకుండా నీళ్లు పోయమన్నట్టు. ముందు చిల్లు, తర్వాత నీళ్లు.

నెల్లూరు నాన్న

మాస్టారూ, మీ తరం ఎప్పుడూ భయమే నేర్పింది. అందుకే మనవాళ్లు బంగారం, స్థలం తప్ప ఇంకోటి కొనరు.

చెరువుగట్టు

నాన్న గారూ, మీ వాడిని ఒక పుట్టి వడ్లు ఎన్ని క్వింటాళ్లో అడగండి. నెల్లూరు బువ్వ తింటున్నాడుగా.

నెల్లూరు నాన్న

అడిగాను. తెలియదన్నాడు 😐 నిజం చెప్పాలంటే నేనూ కాసేపు ఆలోచించాను. 850 కిలోలు, అంటే ఎనిమిదిన్నర క్వింటాళ్లు. మా నాన్న అమ్మకానికి వచ్చినప్పుడు పుట్టి ఇంత అనే చెప్పేవాడు. ఒప్పుకుంటున్నా, ఇది పాఠానికి పనికొస్తుంది. 2025-26కి సాధారణ రకం వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,369. అంటే పుట్టికి 20,136 పైచిలుకు. కళ్లం దగ్గరికి వచ్చిన దళారీ "పుట్టి 17 వేలు" అంటే వినడానికి పెద్ద మొత్తంలా ఉంటుంది. భాగించి చూస్తే క్వింటా 2,000. ప్రతి క్వింటా మీదా 369 పోతోంది. ధర ప్రకటించేది ఒక కొలతలో, బేరం జరిగేది ఇంకో కొలతలో.

లెక్కల మాస్టారు

చూశారా, రెండు రూపాయలు, పన్నెండు శాతం లాంటిదే ఇది కూడా. మంచి లెక్క బాబూ.

పొదుపు పుస్తకం

టీచరమ్మా, నేను పెద్దగా చదువుకోలేదు, మా అమ్మాయి టైపు చేసిపెడతాంది. మాది కలిగిరి దగ్గర. దూబగుంట మాకు పక్కనే. 1992లో సారా వద్దని ఆడోళ్లు రోడ్డెక్కినప్పుడు నాకు పదమూడేళ్లు, మా అమ్మ వెంట నేనూ వెళ్లాను. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటా నేర్చుకుంటానే ఆ మాట పుట్టింది. సారా కొట్టుకు పోయే డబ్బులు ఇంట్లో మిగిలినాక, రోజుకు ఒక రూపాయి పక్కన పెట్టుకుందామని పొదుపు గుంపులు కట్టుకున్నారు. రూపాయేగా అని మా నాయన నవ్వినాడు. ఏడాదికి 365. ఆ రోజుల్లో మా అమ్మ చేతిలో తనదని చెప్పుకోను అంత డబ్బు ఎప్పుడూ లేదు.

ఇప్పుడు నేను మా సంఘానికి రెండో లీడర్ని. మీ ఊళ్లో కూడా డ్వాక్రా సంఘాలు ఉంటాయి. ఒక శనివారం ఆ అక్కను మినిట్స్ పుస్తకంతో సహా బడికి పిలవండి. ఎవరు ఎంత కట్టారు, ఎవరికి ఎంత లోను, కిస్తీ ఎప్పుడు, అన్నీ దాంట్లో ఉంటాయి. మీ పిల్లల్లో సగం మంది అమ్మలు అందులో సంతకం పెట్టేవాళ్లే.

ఇంకొకటి చెప్పండి. బ్యాంకు పుస్తకంలో ప్రతి ఏడాదీ 20 రూపాయలు, కొందరికి 436 కట్ అవుతాయి. మా వాళ్లు బ్యాంకోళ్లు తినేశారని తిట్టుకుంటారు. 20 ప్రమాద బీమాది, 436 జీవిత బీమాది, ఒక్కోటి రెండు లక్షలకు. మా సంఘంలో ఒకామె భర్త ట్రాక్టరు కిందపడి పోయినాడు. ఆ 20 కట్ అవతా ఉందని ఆమెకు తెలియదు. దినాలు అయినాక పుస్తకం చూస్తే బయటపడింది. పిల్లలకు పాస్‌బుక్ చదవడం నేర్పండి తల్లీ, చాలు.

టీచరమ్మ_సోషల్

అక్కా, మీ మెసేజ్ స్టాఫ్‌రూంలో చదివి వినిపించాను. ఇద్దరు మేడంలు అక్కడికక్కడే ఫోన్లో వాళ్ల స్టేట్‌మెంట్ తెరిచి చూసుకున్నారు.

కిస్తీ బాధితుడు

ఒంగోలు నుంచి, డిగ్రీ మూడో ఏడు. నాకు ఎవరూ చెప్పనిది మీ పిల్లలకు చెప్పండి మేడం. పోయినేడు సెకండ్ హ్యాండ్ బండికి 60,000 ఫైనాన్స్ తీసుకున్నా. "పన్నెండు శాతమే తమ్ముడూ" అన్నారు. నెలకు 3,100, 24 నెలలు. లెక్క కరెక్టే, 60,000కి రెండేళ్లకు 14,400 వడ్డీ. కానీ నేను నెలనెలా అసలు కూడా తీరుస్తున్నా కదా, చివరి నెలలో నా దగ్గర ఉండేది మూడు వేలు, వడ్డీ మాత్రం 60,000 మీదే. దాన్ని ఫ్లాట్ రేటు అంటారంట. బ్యాంకులో లాగా తగ్గే అసలు మీద లెక్కేస్తే ఇది ఇరవై ఒకటిన్నర శాతం దాటుతుంది. మా ఫ్రెండు ఎక్సెల్‌లో వేసి చూపించేదాకా నాకు తెలియలేదు.

టెన్షన్‌తో ఇంట్లో చెప్పలేదు, రెండు కిస్తీలు తప్పాయి, ఇప్పుడు సిబిల్ స్కోరు, అంటే అప్పులు సరిగ్గా కడతామా లేదా అని బ్యాంకులు చూసే మార్కు, అది కూడా పడిపోయింది.

పలక_మార్కాపురం

లోన్ యాప్‌లు, ఫోన్లో టాస్కులు చేస్తే డబ్బులిస్తాం అనేవి కూడా కలపండి. మా తమ్ముడు పదో తరగతి, "రెండొందలు కడితే మూడొందలు" అని మొదటిరోజు నిజంగానే ఇచ్చారు. నాలుగోరోజు అమ్మ ఫోన్లోంచి 8,000 పోయాయి. వాడు భయపడి రెండ్రోజులు చెప్పలేదు. సైబర్ మోసాల నంబరు 1930కి వెంటనే ఫోన్ చేస్తే డబ్బు ఆపే అవకాశం ఉంటుంది, రెండ్రోజులయ్యాక ఏం ఆపుతారు? నంబరు కన్నా ముందు, మోసపోతే ఇంట్లో చెప్పొచ్చు, తన్నరు అనే ధైర్యం కావాలి వాళ్లకి.

టీచరమ్మ_సోషల్

రెండు వారాల తర్వాత వస్తున్నా. ఒక తప్పు చేశాను, చెప్పుకోవాలి.

మాస్టారు గారి వడ్డీ పాఠం బ్రహ్మాండంగా జరిగింది. మా వాళ్లూ రెండే నయం అన్నారు! ఆ ఊపులో, "వచ్చే వారానికి మీ ఇంట్లో అప్పులు ఎన్ని, ఎవరి దగ్గర, ఎంత వడ్డీకి, రాసుకుని రండి" అన్నాను. ప్రాజెక్టు వర్క్ అన్నట్టు. శనివారం 38లో 21 మందే వచ్చారు. వచ్చిన వాళ్లలో సగం మంది "మాకు అప్పుల్లేవు టీచర్" అని రాశారు, అందరిదీ ఒకే వాక్యం. ఒక పిల్ల సోమ, మంగళ, బుధ కూడా రాలేదు. వాళ్లింటికి వెళ్తే వాళ్లమ్మ గుమ్మంలోనే నిలబడి "మా అప్పు సంగతి బడికెందుకు మేడం?" అంది. గట్టిగా కూడా అనలేదు. లోపల ఆ పిల్ల అటు తిరిగి గిన్నెలు తోముతోంది, నన్ను చూడలేదు. అప్పిచ్చినాయన మనవడు అదే క్లాసు, రెండో బెంచీ. నాకు తట్టనే లేదు.

క్షమించమని వచ్చాను. పాఠం ఆపేద్దామా అనుకుంటున్నా.

లెక్కల మాస్టారు

ఆపొద్దు. నేనూ ఈ దెబ్బ తిన్నవాడినే, మొదట్లోనే చెప్పాల్సింది, నాదీ తప్పే. ఇంటి లెక్క బోర్డు ఎక్కకూడదు. బోర్డు మీద ఒక ఇల్లు కట్టండి. ఊరూ పేరూ పిల్లలనే పెట్టమనండి. ఎంత పొలం, ఎంత కౌలు, ఎవరికి జబ్బు, ఎవరి పెళ్లి, అన్నీ వాళ్లే చెప్తారు. మీరు రాస్తూ పొండి అంతే. వాళ్లింటి సంగతులన్నీ ఆ ఇంట్లోకి వచ్చేస్తాయి, ఎవరివో ఎవరికీ తెలియదు.

పొదుపు పుస్తకం

అవును తల్లీ. ఆ పిల్లను బళ్లో ఏమీ అడగొద్దు. మామూలుగా పలకరించండి, చాలు.

కావలి కామర్స్

చీటీపాట కూడా ఆ బోర్డు ఇంటితోనే చెప్పండి. 20 మంది, నెలకు 5,000, లక్ష చీటీ. మూడో నెల అత్యవసరమై 25,000 తగ్గించి 75,000కి పాడుకున్నారనుకోండి. నిర్వాహకుడికి ఐదు వేలు కమీషన్, మిగతా ఇరవై వేలు 20 మందికి తలా వెయ్యి, ఆ నెల అందరూ 4,000 కడితే చాలు. అవసరం ఉన్నోడికి అప్పు, ఆగగలిగినోడికి పొదుపు, ఒకే పాటలో. మనవాళ్లు కనిపెట్టిన గొప్ప ఏర్పాటు ఇది, నేను చీటీకి వ్యతిరేకిని కాదు. కానీ 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం అనుమతి, రిజిస్ట్రేషన్ లేకుండా నడపకూడదు, కమీషన్ కూడా 2019 సవరణ తర్వాత 7 శాతం దాటకూడదు. మా మేనమామ రిజిస్ట్రేషన్ లేని చీటీలో 17 నెలలు కట్టాడు. పద్దెనిమిదో నెల నిర్వాహకుడి ఇంటికి తాళం. కాగితం అడిగితే "ఏం, నమ్మకం లేదా" అంటారని మొహమాటపడ్డాడు.

బ్యాంకులో అయితే ఒక్కో మనిషికి ఐదు లక్షల దాకా డిపాజిట్‌కు బీమా ఉంటుంది. ఆ తేడా చెప్పండి.

టీచరమ్మ_సోషల్

బోర్డు ఇల్లు కట్టేశాం! ఇంటి యజమాని పేరు బుల్లోడు, పిల్లలే పెట్టారు. మూడెకరాలు సొంతం, నాలుగు కౌలు, ఒక బ్యారన్. పోయినేడు ధర బాగుందని ఊరంతా పొగాకు వేస్తే బుల్లోడూ ఎక్కువ వేశాడు. ఈసారి వేలం కేంద్రంలో లోగ్రేడ్ బేళ్లకు నోబిడ్ పడింది, అంటే ఎవరూ పాడలేదు, బేళ్లు ట్రాక్టరెక్కించి వెనక్కి తెచ్చుకున్నాడు. ఇదంతా నేను చెప్పలేదు. సరఫరా, గిరాకీ అనే మాటలు నేను చివర్లో రాశాను, అంతే. బుల్లోడి అమ్మకు మోకాలి ఆపరేషన్, చెల్లెలి కాన్పు, పెద్దాయన దగ్గర రెండున్నర రూపాయల వడ్డీకి లక్షా ఇరవై. "రెండున్నర" అని నాకు అందించింది ఎవరనుకున్నారు, మూడ్రోజులు బడికి రాని పిల్లే. రెండో బెంచీ పిల్లాడేమో "పెద్దాయనక్కూడా డబ్బులు ఆగిపోయుంటాయి టీచర్, ఆయన పేరు కూడా పెడదాం" అన్నాడు. పెట్టాం.

గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. అప్పుడు చీటీ సంగతి ఎత్తాను, కావలి సార్ చెప్పిన లెక్క అంతా వేసి, కాగితం లేనిదే కట్టకూడదని గట్టిగానే చెప్పాను. వెనక బెంచీ వాడు, మొదటిరోజు నా మూడు గళ్లను కూలగొట్టిన వాడే, లేచి "టీచర్, మీ స్టాఫ్‌రూంలో నెలనెలా పాడుకునే చీటీకి రిజిస్ట్రేషన్ ఉందా?" అన్నాడు.

లెక్కల మాస్టారు

ఏం చెప్పావమ్మా?

టీచరమ్మ_సోషల్

శనివారం చెప్తానన్నాను. ఇంకా నాలుగు పాటలున్నాయి, హెచ్‌ఎం గారిదే ఆఖరిది.